అమ్మ క్యాసెట్లు, అమెరికా మిషన్లు

మన సంఘం పిక్నిక్కుల్లోనూ, ఉగాది సభల్లోనూ భోజనాల దగ్గర ఒక ప్రశ్న తరచు వినిపిస్తూ వుంటుంది. “ఇండియా నుంచి పాత వీడియో క్యాసెట్లు తెచ్చుకున్నామండీ, ఇక్కడ ఎలా చూడాలి?” అని. ఒకరు ట్రాన్స్‌ఫార్మర్ కొనమంటారు, ఒకరు కొత్త తీగ కొనమంటారు, మరొకరు “ఇప్పుడవన్నీ ఎవరు చూస్తారు, పారెయ్యండి” అంటారు. ఈ మూడు సలహాలూ మేము విన్నాము. మొదటి రెండూ పాటించాము కూడా. మూడోది పాటించనందుకు సంతోషిస్తున్నాము. తెలియక చేసిన పొరపాటు వల్ల మేము పోగొట్టుకున్నది కొంత వుంది. అది మరొకరికి జరగకుండా వుంటే బాగుండునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2023 డిసెంబరులో మేము కాకినాడ వెళ్ళినప్పుడు, మేడ మీది గదిలో పాత ట్రంకు పెట్టెలో అయిదు వీడియో క్యాసెట్లు, పదకొండు ఆడియో క్యాసెట్లు బయటపడ్డాయి. నాన్నగారు 1990ల్లో మస్కట్‌లో వుద్యోగం చేసేవారు. ఫోను చేయాలంటే నిమిషానికింతని లెక్క చూసుకునే రోజులు. వుత్తరం వ్రాయడానికి అమ్మకి ఓపిక వుండేది కాదు, చెప్పవలసినవి మాత్రం బోలెడు వుండేవి. అందుకని టేప్‌రికార్డరు ముందు కూర్చుని, ఇంటి అద్దె, పిల్లల జ్వరాలు, బియ్యం ధర, పక్కింటివాళ్ళ తగాదా అన్నీ అరగంటకి అరగంట చెప్పేసి, మస్కట్ వెళ్ళేవాళ్ళెవరైనా వుంటే వారి చేతికిచ్చేది. నాన్నగారు వుద్యోగం మానేసి వచ్చేటప్పుడు ఆ క్యాసెట్లన్నీ సూట్‌కేసులో పెట్టుకుని తిరిగి తెచ్చారు. ఆయన 2011లో పోయారు.

అమ్మ మా ఇద్దరిలో ఒకరికి కన్నతల్లి, ఒకరికి అత్తగారు. ఇద్దరం అమ్మా అనే పిలుస్తాము. 2021లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కొంత కోలుకుంది గాని మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, చెప్పవలసింది మనసులో వుంటుంది, నోటికి రాదు. మేమిద్దరమూ వైద్యులమే కనుక దానిని అఫేసియా అంటారని తెలుసు, మెదడులో ఎడమవైపు ఏ భాగం దెబ్బ తిన్నదో స్కానులో చూపించగలము. దానివల్ల ప్రయోజనం ఏముంది? మా చిన్నపిల్లకి అప్పటికి నాలుగేళ్ళు. దానికి వూహ తెలిసేసరికే అమ్మమ్మ మాట పోయింది. ఆ సెలవుల్లో ఒకరోజు అది మమ్మల్ని పక్కకి పిలిచి, “అమ్మమ్మకి తెలుగు రాదా?” అని అడిగింది. ఆ రాత్రే క్యాసెట్లన్నీ మూటగట్టి మిషిగన్‌కి తెచ్చుకున్నాము.

ఇక్కడికి వచ్చాక మేము చేసిన మొదటి తప్పు తొందర. ఒక పాత సామాన్ల దుకాణంలో పది డాలర్లకి వి.సి.ఆర్. దొరికింది. వెనకాల పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు మూడు వున్నాయి. మా టీవీకి ఆ రంధ్రాలే లేవు, అన్నీ హెచ్.డి.ఎం.ఐ. రకమే. దానికని ఒక చిన్న డబ్బా తెప్పించాము. అది పని చేయలేదు. రెండు రోజులు తంటాలు పడ్డాక తెలిసింది, మేము కొన్నది హెచ్.డి.ఎం.ఐ.ని మూడు తీగలుగా మార్చేది, మాకు కావలసినది మూడు తీగలను హెచ్.డి.ఎం.ఐ.గా మార్చేది. రెండు డబ్బాలూ కవల పిల్లల్లా వుంటాయి, దుకాణంలో పక్కపక్కనే వుంటాయి. కొనేటప్పుడు ‘లోపలికి’ అన్న వైపు మూడు రంగులు, ‘బయటికి’ అన్న వైపు హెచ్.డి.ఎం.ఐ. వున్నదీ లేనిదీ చూసుకోవాలి.

సరైన డబ్బా వచ్చాక ఒక క్యాసెట్టు పెట్టాము. అది 1994లో జరిగిన పిన్ని పెళ్ళి. నాన్నగారికి సెలవు దొరకలేదు కనుక ఆయనకి పంపడానికే ఆ వీడియో తీయించారు. మన వీడియోగ్రాఫర్ల అలవాటు మీకు తెలిసిందే. పెళ్ళిలో మనుషులు మాట్లాడినదంతా తీసేసి, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు అతికించేస్తారు. మూడు గంటల పెళ్ళిలో ఒక్కరి గొంతూ వినిపించదు. చివర మాత్రం అమ్మ పట్టుబట్టి కొద్ది నిమిషాలు పాట లేకుండా వుంచమన్నదట. కెమెరా ముందు నిలబడి నాన్నగారితో నేరుగా మాట్లాడింది. క్యాసెట్టు వెనక్కి తిప్పకుండా ఆ చివరి భాగం దగ్గరే ఆగి వుంది.

మీట నొక్కగానే తెర మీద బొమ్మ బూడిద రంగులో కిందకీ పైకీ దొర్లడం మొదలుపెట్టింది. గొంతు వేగంగా, కీచుగా, చిన్నపిల్ల గొంతులా వచ్చింది. అది అమ్మేనని పోల్చుకునేలోగా లోపల కరకరమని చప్పుడైంది. ఆపేసరికి టేపు మిషన్ పళ్ళకి చుట్టుకుపోయింది. బయటికి లాగితే నలిగిన అరిటాకులా వుంది. టార్చిలైటు వేసి చూస్తే రీలు అంచుల మీద తెల్లని పొడి కనిపించింది. అది బూజు. సముద్రపు గాలి వున్న వూళ్ళో ఇరవై తొమ్మిది సంవత్సరాలు పెట్టెలో వున్న వస్తువుకి బూజు పట్టదా? రోగిని చూడకుండా మందు వ్రాసినట్లయింది మా పని.

అక్కడి నుంచి మేము కొంచెం చదువుకున్నాము. తెలిసినది మీకు కూడా చెప్తాము.

వీడియో క్యాసెట్టు పైకి ఎక్కడైనా ఒకటే. అర అంగుళం వెడల్పు టేపు, అదే నల్ల పెట్టె. జపాన్ వారి జె.వి.సి. కంపెనీ 1976లో తెచ్చిన వి.హెచ్.ఎస్. పద్ధతి ప్రపంచమంతా పాకింది. కాని ఆ టేపు మీద వ్రాసే లిపి మాత్రం దేశాన్ని బట్టి రెండు మూడు రకాలు. అమెరికాలో ఎన్.టి.ఎస్.సి. అనే పద్ధతి. రంగుల టీవీకి ఇక్కడ దానిని 1953 డిసెంబరులో ఆమోదించారు. ఒక్కొక్క బొమ్మకి 525 గీతలు, సెకనుకి సుమారు 30 బొమ్మలు. ఇండియాలో పాల్ పద్ధతి. దానిని జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజనీరు 1960ల మొదట్లో రూపొందించారు. ఇండియాలో రంగుల ప్రసారాలు ఢిల్లీ ఏషియన్ క్రీడలు జరిగిన 1982లో మొదలయ్యాయి. దీనిలో 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. ఈ తేడాకి మూలం ఇళ్ళకి వచ్చే కరెంటు. అమెరికా కరెంటు సెకనుకి 60 సైకిల్సు, ఇండియాలో 50. తొలినాటి టీవీలను ఆయా దేశాల కరెంటు లయకి తగ్గట్టు తయారు చేశారు. ఆ తర్వాత అవసరం తీరినా లయ మాత్రం నిలిచిపోయింది.

వి.సి.ఆర్. లోపల గిర్రున తిరిగే ఒక అల్యూమినియం డ్రమ్ము వుంటుంది. దాని మీది హెడ్లే టేపుని చదువుతాయి. ఎన్.టి.ఎస్.సి. మిషన్‌లో అది నిమిషానికి దాదాపు 1800 చుట్లు, పాల్ మిషన్‌లో 1500 చుట్లు తిరుగుతుంది. టేపు నడిచే వేగం కూడా వేరు. పాల్‌లో సెకనుకి 23 మిల్లీమీటర్ల పైచిలుకు, ఎన్.టి.ఎస్.సి.లో 33 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇక అమ్మ గొంతు కీచుగా రావడంలో వింతేముంది?

ట్రాన్స్‌ఫార్మర్ సలహా ఎందుకు పనికి రాదో ఇప్పుడు తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులని 230 వోల్టులు చేస్తుంది, అంతే. ఇండియా మిషన్‌ని ఇక్కడ నడపడానికి అది కావాలి. కాని అమెరికా మిషన్‌కి ఇండియా టేపు చదవడం నేర్పలేదు. తీగలు మార్చినా అంతే. మా వృత్తి భాషలో చెప్పాలంటే, రక్తం ఎక్కించేముందు గ్రూపు కలిసిందా లేదా చూడాలి, సూది ఎంత మంచిదైనా గ్రూపు కలవకపోతే ప్రమాదమే. టేపు, మిషను, రెండూ ఒకే గ్రూపువి కావాలి. లేదా అన్ని గ్రూపులూ చదివే మల్టీ సిస్టమ్ మిషను కావాలి. మస్కట్‌లో కూడా పాల్ పద్ధతే కనుక అమ్మ టేపులు కాకినాడకీ మస్కట్‌కీ మధ్య ఏ యిబ్బందీ లేకుండా తిరిగాయి. మిషిగన్ వచ్చాకే మూగబోయాయి.

కాకినాడలో నాన్నగారు మస్కట్ నుంచి తెచ్చిన వి.సి.ఆర్. అటక మీద వుందని అన్నయ్యకి గుర్తు. ఫోను చేస్తే దింపించి చూశాడు. రబ్బరు బెల్టు జిగురులా కరిగిపోయింది. బజారులో రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరు బెల్టు మార్చి, హెడ్డు తుడిచి, నూనె వేసి యిచ్చారు. వేసవిలో ఇటు వచ్చే మనవాళ్ళ దంపతులు దానిని మోసుకొచ్చారు. సామాను 23 కిలోల లెక్క కనుక, మాకు పంపవలసిన ఆవకాయ జాడీ ఆగిపోయింది. ఆ సంవత్సరం మా ఇంట్లో ఆవకాయ లేదు.

మిషను వచ్చినా ఈసారి తొందరపడలేదు. బూజు పట్టిన టేపు నేరుగా మిషన్‌లో పెడితే ఆ బూజు హెడ్లకి అంటుకుని, ఆ తర్వాత పెట్టే మంచి టేపులకి కూడా పాకుతుంది. అందుకని ఎండ రోజున పెరట్లో కూర్చుని, ముక్కుకి ఎన్-95 మాస్కు కట్టుకుని, అయిదు స్క్రూలు విప్పి, నూగు రాలని పొడి గుడ్డ మధ్య టేపుని మెల్లగా తిప్పుతూ తుడిచాము. తర్వాత రీళ్ళని వేరే శుభ్రమైన పెట్టెలోకి మార్చాము. ఒక్కొక్క దానికి ఒక పూట పట్టింది. ఆపరేషన్ థియేటరులో కూడా అంత నిదానంగా పని చేసి వుండము.

నలిగిన భాగం మాత్రం బాగుపడలేదు. వి.హెచ్.ఎస్.లో మామూలు శబ్దం టేపు అంచున సన్నని చారలో వుంటుంది. మా టేపు నలిగింది సరిగ్గా ఆ అంచునే. బొమ్మలో అమ్మ పెదవులు కదులుతున్నాయి. రెండు మాటలు వినిపిస్తాయి, నాలుగు మాటలు పోతాయి. దాదాపు నాలుగు నిమిషాలు అలా పోయింది. అమ్మ నాన్నగారితో ఏమి చెప్పిందో చెప్పడానికి ఆయన లేరు. అడిగితే అమ్మకి గుర్తుండే వుంటుంది, కాని చెప్పలేదు. మన అజాగ్రత్తకి ఇంతకంటే శిక్ష ఏమి వుంటుంది!

ఇక తీగల సంగతి. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ చెవి శబ్దానికి, ఎరుపు కుడి చెవి శబ్దానికి. పాత మిషన్లలో శబ్దం ఒకటే కనుక ఎరుపు రంధ్రం వుండకపోవచ్చు, తెలుపు ఒక్కటి కలిపితే చాలు. నాలుగు సూదులున్న గుండ్రని రంధ్రం వుంటే అది ఎస్-వీడియో. అందులో వెలుగు, రంగు వేరు వేరు దారుల్లో వస్తాయి కనుక పసుపు తీగ కంటే బొమ్మ స్పష్టంగా వుంటుంది, కాని శబ్దానికి తెలుపు, ఎరుపు తీగలు ఎలాగూ కలపాలి. కంప్యూటరులోకి ఎక్కించడానికి ఒక క్యాప్చర్ పరికరం కావాలి. దాని ప్రోగ్రాములో పాల్ అని ఎంచుకోకపోతే మళ్ళీ మొదటి కథే. మరో మాట, ఆ బొమ్మల ఆకారం నాలుగుకి మూడు. వెడల్పు టీవీ నిండా సాగదీస్తే పెళ్ళికూతురు కూడా పొట్రాయిలా కనిపిస్తుంది. పక్కల నల్ల చారలు వుంటే వుండనివ్వండి.

ఇందులో దగ్గర దారి లేదు. మూడు గంటల టేపు ఎక్కించడానికి మూడు గంటలూ పడుతుంది. డి.వి. పద్ధతిలో దాచుకుంటే గంటకి సుమారు 13 గిగాబైట్ల చోటు కావాలి. రాత్రి డ్యూటీ లేని రోజుల్లో పిల్లలు పడుకున్నాక కూర్చుని చేశాము.

ఆడియో క్యాసెట్ల పని ఇంతకంటే సుఖం. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఆ చిన్న క్యాసెట్టుకి దేశభేదం లేదు. సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగం అన్ని చోట్లా ఒకటే. కాకినాడలో మాట్లాడినది మస్కట్‌లో, మిషిగన్‌లో కూడా అలాగే వినిపిస్తుంది. అయినా మూడు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, క్యాసెట్టు వెనక అంచున వున్న చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున రికార్డు మీట నొక్కినా చెరిగిపోదు. మా క్యాసెట్లలో ఒక దాని మీద సగం దాకా అమ్మ మాటలుండి, హఠాత్తుగా రేడియో పాటలు మొదలవుతాయి. అది చిన్నప్పుడు మాలో ఒకరు చేసిన ఘనకార్యమే. రెండోది, టేపు వెనక మెత్తని చిన్న దిండు వుంటుంది, జిగురు ఎండి అది వూడిపోతే శబ్దం సన్నబడిపోతుంది. టేపు చెడిపోయిందనుకుని పారేయకండి, రీళ్ళని కొత్త పెట్టెలోకి మారిస్తే చాలు. మూడోది, టేప్‌రికార్డరు నుంచి వచ్చే తీగని కంప్యూటరులో మైకు రంధ్రానికి కాక లైన్ ఇన్ రంధ్రానికి పెట్టండి. మైకుకి పెడితే గొంతు బొంగురుపోయి గరగరలాడుతుంది.

ఆ పదకొండు క్యాసెట్లూ వింటూ మేము నవ్వాము, కొన్నిచోట్ల మిషను ఆపుకుని కూర్చున్నాము. అందులో ఎక్కువ భాగం గొప్ప విషయాలేమీ కావు. గ్యాసు సిలిండరు ఆలస్యమైందనీ, కొబ్బరికాయలు దింపేవాడు రాలేదనీ. మధ్యలో కుక్కరు కూత, వీధిలో కూరగాయల కేక. 1992 నాటి ఒక క్యాసెట్టులో మాత్రం, “మీ కూతురు నిద్రపోవడం లేదు, వినండి” అని, పిల్లని వొడిలో వేసుకుని అమ్మ లాలిపాట మొదటి నుంచి చివర దాకా పాడింది. నాన్నగారు మస్కట్‌లో ఎన్నిసార్లు విన్నారో గాని, ఆ చోట టేపు అరిగి శబ్దం కొంచెం మసకబారింది.

2024 డిసెంబరులో ఆ పాటని పెన్ డ్రైవులో వేసుకుని కాకినాడ వెళ్ళాము. హాల్లో టీవీకి పెట్టి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టాము. తన గొంతు తను విని అమ్మ మొదట భయపడినట్లు మా వంక చూసింది. రెండో చరణం దగ్గర ఆమె పెదవులు కదిలాయి. తర్వాత సన్నగా రాగం వచ్చింది, రాగంతో పాటు మాటలు కూడా వచ్చాయి. అన్నీ కావు, కొన్ని. కాని అవి పాటలోని మాటలే, స్పష్టంగా.

వైద్యులుగా ఇందులో అద్భుతమేదీ లేదని చెప్పవలసిన బాధ్యత మాకు వుంది. మాట పోయినవారిలో కొందరు పాట పాడగలగడం ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. చిన్ననాటి నుంచి నాలుకకి అలవాటైన పాట మామూలు మాట నడిచే దారిలోనే నడవనక్కరలేదు. పాట ఆగాక అమ్మ మళ్ళీ మాట్లాడలేకపోయింది. మా పేర్లు పిలవబోయి, రాక, చెయ్యి వూపేసింది. ఇప్పుడు అన్నయ్య రోజూ సాయంకాలం ఆ పాట పెడుతున్నాడు. దానివల్ల మాట వస్తుందని మేము ఎవరికీ చెప్పడం లేదు. అమ్మ ఆ సమయానికి ఎదురుచూస్తూ వుంటుందని మాత్రం చెప్పగలము. మా చిన్నపిల్ల అమ్మమ్మ కుర్చీ పక్కనే కూర్చుని విన్నది. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

ఇక మా మనవి. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వి.సి.ఆర్.ల తయారీ ఆపేసింది. మనకి దొరికేవి పాతవే, అవి కూడా ఏటేటా తగ్గుతాయి. టేపు ఒక పక్క పాడవుతుంది, చదివే మిషను మరో పక్క మాయమవుతుంది, టేపులో వున్నవాళ్ళెవరో చెప్పగలిగిన పెద్దవాళ్ళు కూడా తగ్గిపోతారు. కనుక మీ అటకల మీద వున్నవి దింపండి. మొదట బూజు చూడండి. తర్వాత గ్రూపు చూడండి. అన్నిటికంటే ముందు గొంతులున్న ఆడియో క్యాసెట్లు ఎక్కించండి. ఫోటోల వల్ల ముఖాలు ఎలాగో మిగులుతాయి, గొంతులకి ఫోటోలు లేవు. ఎక్కించాక ఒకే చోట వుంచకండి, మూడు ప్రతులు తీసి, ఒకటి ఇండియాలో వుండేలా చూడండి.

మా పాల్ మిషను, ట్రాన్స్‌ఫార్మరు, సరైన వైపు డబ్బా, అన్నీ మా బేస్‌మెంటులో సిద్ధంగా వున్నాయి. కావలసినవారు పట్టుకెళ్ళవచ్చు, లేదా క్యాసెట్లు తెచ్చుకుని ఒక ఆదివారం మా ఇంట్లోనే కూర్చోవచ్చు. కాఫీ మేము యిస్తాము. ఈ సంవత్సరం ఆవకాయ కూడా వుంది.